జోలీన్ తిప్పని నాబ్

అమెరికాలోని విస్కాన్సిన్‌లో చీజ్ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసే జోలీన్, ఓటు ఎవరికో ఇంకా తేల్చుకోలేదు. అలాంటివాళ్లంటే అధ్యక్ష అభ్యర్థుల మనుషులకు ప్రాణం. సెప్టెంబరులో ఆమెను హోటల్ హాల్లో కూర్చోబెట్టి చేతికి రేడియో మీటలా తిరిగే ఓ నాబ్ ఇచ్చారు. తెర మీద వేసే ఎన్నికల ప్రకటన నచ్చితే కుడికి, నచ్చకపోతే ఎడమకి తిప్పాలి.

"చెయ్యి కదుపుతూ ఉండండి. మీరు కుడికి తిప్పేకొద్దీ మా కంప్యూటర్లో గీత లేస్తుంది. అలా గీత పైకి లేచిన విషయమే మావాళ్లు టీవీలో ఎత్తుకుంటారు," అన్నాడు పరీక్ష నడిపే బ్రాడీ.

జోలీన్‌కి ఎనిమిదో నెల. తొలికాన్పులో నెత్తురు ఆగకపోతే ఊళ్లో ఆసుపత్రి ఉండబట్టి బతికింది. ఇప్పుడక్కడ కాన్పుల వార్డు మూసేశారు. ఇక గంటన్నర దూరం పోవాల్సిందే. ఆ మాట ఎవరైనా ఎత్తుతారేమోనన్న ఆశతోనే వచ్చింది.

మొదటి ప్రకటనలో, గుడ్ల ధర మండిపోతోందని ఓ తాత కోడిగుడ్లను నగల పెట్టెలో దాచి తాళం వేస్తున్నాడు. హాలంతా నవ్వింది. జోలీన్ కూడా నవ్వుతూ నాబ్‌ను కుడికి తిప్పేసింది.

రెండోది కాన్పుల వార్డుల మీద. మంచులో కారు, అందులో నిండు గర్భిణి. జోలీన్ రెండు చేతులూ పొట్ట మీదికి పోయాయి. పక్కనున్న పెద్దావిడ చేతిరుమాలు వెతుక్కుంటోంది. దీపాలు వెలిగాక చూస్తే నాబ్ మధ్యలోనే ఉంది.

"ఇంకోసారి వెయ్యి బాబూ, నాకు కావాల్సింది అదే!" అంది జోలీన్.

"రెండోసారి వెయ్యకూడదండీ. గీత లేవలేదు, ఎవరికీ పట్టలేదని లెక్క."

"పట్టకపోవడమేంటి? ఏడ్చాను!"

"నాబ్‌కి అది తెలీదు కదండీ," అన్నాడు బ్రాడీ, పాపం మెల్లగానే.

అక్టోబరంతా టీవీలో గుడ్ల తాతే. "ఇదిగో, మీ తాతొచ్చాడు!" అని మొగుడు ట్రావిస్ ఏడిపించేవాడు. ఆ తాతను గెలిపించిన చేతుల్లో తనదీ ఒకటని జోలీన్ అతనికి చెప్పలేకపోయింది. వార్డు ఊసు ఏ ప్రకటనలోనూ రాలేదు.

నెలాఖరున తొలి మంచు పడుతుండగా నొప్పులు మొదలయ్యాయి. కారు నత్తలా పాకుతోంది. రేడియోలో తాత అందుకున్నాడు: "ఇది గుడ్డా, బంగారమా?"

"ఆపు, ట్రావిస్!"

"స్టీరింగ్ వదిలితే గుంటలో పడతామే. నీ పక్కనే ఉంది, నువ్వే కట్టెయ్."

రేడియో నాబ్ జానెడు దూరంలోనే ఉంది. కానీ జోలీన్ రెండు చేతులూ పొట్ట మీంచి కదల్లేదు. తాత చివరిదాకా వాగుతూనే ఉన్నాడు.