పాత నల్లాలతో ప్రభువు నిలబెట్టిన ఇల్లు

"రేపు పొద్దుగాల నర్సింలు మడిగెకు తాళం వేస్త అమ్మా, కిరాయి ఇయ్యనోనితో మనకేం పని?" అని నా కొడుకు దావీదు అంటుంటే, "వెయ్యి కొడుకా, వేసినంక ఆ తాళాన్నే కిరాయి అడుగు, అదే ఇస్తది" అని నేనన్న.

సహోదరులారా, తాండూరులో మా ఇంటి ముందట దుకాణం మడిగె కట్టేటందుకు మావాడు ఇల్లే బ్యాంకులో తాకట్టు పెట్టిండు, మడిగె కిరాయితోనే ఇంటి కిస్తీ తీరాలె. అందులో నర్సింలు నల్లాలు, పైపులు అమ్ముతడు. కొత్త ఇండ్లు లేస్తున్నన్ని దినాలు మంచిగ నడిచింది, తర్వాత లోన్లు తీసుకున్నోళ్లు కిస్తీలు కట్టలేకపోయిరి, బ్యాంకులు కొత్తవాళ్లకు ఇయ్యకపాయె, వికారాబాద్ తొవ్వ పొడుగునా సగం లేసిన గోడలే మిగిలినయి. గోడ లేవనిది నల్లా ఎవరు కొంటరు? నల్లా అమ్మనిది నర్సింలు కిరాయి ఎట్ల కడతడు? మా ఎదురుంగ మడిగెలు అప్పటికే మూతబడి తుప్పు పట్టినయి, ఒక్కసారి ఖాళీ అయితే మళ్ల వచ్చేటోడు లేడు. మాకు బ్యాంకు నోటీసు గూడ వచ్చింది, ఇల్లు పోతదని నా గుండె చెరువైంది.

ఆ సాయంత్రం మోకాళ్ల మీద పడి, "ప్రభువా, నేను సదువుకున్నదాన్ని కాదు, ఈ ఇల్లు నీ చేతిల పెడుతున్న, నాకు తొవ్వ చూపు" అని ఏడ్చిన. వంటింట్ల నల్లా కారుతున్నది, నీళ్లు వృథా పోవద్దని నేను పెట్టిన గిన్నెలో చుక్క చుక్క పడుతున్న చప్పుడు వింటుంటే దేవుడు నా మనసులో ఒక మాట పుట్టించిండు, కొత్త ఇల్లు కట్టుకోలేనోడు పాత ఇల్లే కదా బాగుచేయించుకుంటడు!

లేచి నర్సింలు ఇంటికి పోయి, "కొత్తవి అమ్ముడుపోయేదాక పాతవి బాగుచెయ్యి నాయనా. నిలదొక్కుకునేదాక సగం కిరాయే ఇయ్యి. కాని ఒక్క పొద్దు గూడ షెటరు మూస్తే నేనూకోను" అని గట్టిగ చెప్పిన. వచ్చేటప్పుడు కనబడ్డ ప్రతి ఇంట్ల ఈ సంగతి చెప్పుకుంటనే వచ్చిన.

కొన్ని నెలలకు కిరాయి నిండుగ వచ్చింది, బ్యాంకువాళ్లు గడువు పొడిగించిరి, ఇయ్యాల మా ఇల్లు మాకే ఉన్నది, దేవునికే మహిమ! మీలో ఎవరి ఇంటి మీదనన్న గిట్లాంటి భారముంటే ప్రభువు పాదాల కాడ దించండి, ఆయన చెప్పిన పని చేయనీకె బద్దకించకండి. ఆయన ఆలస్యం చెయ్యలేదు, నేను ప్రార్థన చేసిన మరునాడే మొదలువెట్టిండు.

మరునాడు పొద్దుగాల నేను వాకిలి ఊడుస్తుంటే నర్సింలు షెటరు లేపిండు. మా వీధి ఎల్లమ్మ పగిలిన మోటరు పైపు గోనెసంచిల తెచ్చింది, ఆమె వెనుక ఇంకిద్దరు వచ్చిరి. దావీదు ఇంట్లకెల్లి బల్ల తెచ్చి వాళ్లను కూసోబెట్టిండు.