అక్క కోసిన చేపలు

మా బావంటే నాకు ఒళ్ళు మంట. ఆ మాట ముందే చెప్పేస్తే మీకూ హాయి, నాకూ హాయి.

మా అక్క చేపలు కోస్తుంది. పన్నెండేళ్ళుగా ఇంటి వెనక సిమెంటు గట్టు దగ్గర, ఒళ్ళో గోనెపట్టా వేసుకుని అదే పని. ఒక్క ముల్లు మిగలదు, ముక్క చెదరదు. బావ వాటిని ఐసు పెట్టెల్లో సర్ది, బండి మీద మా వీధి చివర ఉన్న జపాన్ వంటల హోటల్‌కి తెచ్చి దించుతాడు. అక్కడ వడ్డించేది నేనే. రెండేళ్ళ కిందట వంటమాస్టరు ఆ ముక్కల్ని చూసి, ఎవరు కోశారని అడిగితే, బావ తడుముకోకుండా "నేనే" అన్నాడు. ఆ రోజే అందరిముందూ కడిగేసేదాన్ని. అక్క "పోనీలేవే, ఇంట్లో గొడవెందుకు" అని నా నోరు నొక్కేసింది.

ఈమధ్య మాస్టరు చేపలు కొయ్యడానికి మనిషి కోసం వెతుకుతున్నాడు. నేను చెప్పగానే అక్క మొహం వెలిగింది. బావని ఒక మాట వెయ్యమంది. "అక్కడ ఆడవాళ్ళని పెట్టుకోరు" అనేశాడు బావ. అసలు అడిగితే కదా!

ప్రేమికుల రోజున మాస్టరే అక్కనీ బావనీ భోజనానికి పిలిచాడు. చేపల మాట ఎత్తనని అక్క చేత ఒట్టు వేయించుకుని మరీ తీసుకొచ్చాడు బావ. తను కోసిన చేపే అన్నం ముద్దల మీద పచ్చిగా తన ముందుకొస్తే, అక్క తలొంచుకుని తింది.

అంతలో మాస్టరు కౌంటర్ మీద చెక్క పలక పెట్టి, దానిమీద ఓ నిండు చేపని ఉంచాడు. "ఇవాళ మీ ఆవిడకి మీ చేత్తో కోసిపెట్టండి. అందరూ చూస్తారు" అన్నాడు బావతో. చుట్టూ ఉన్న జంటలు చప్పట్లు కొట్టాయి.

బావ మొహంలో నెత్తురుచుక్క లేదు. "మణికట్టు బెణికింది మాస్టారూ. నేను చెప్తుంటాను, మా ఆవిడ కోస్తుంది. నేర్పించాన్లెండి."

నేర్పించాడట! చేతిలో ఉన్న సూప్ గిన్నె నెత్తిన ఒంపేద్దామనుకున్నాను. అక్క లేచి, చేతులు కడుక్కుని కత్తి తీసుకుంది. ఎప్పట్లాగే చక్కగా కోసేస్తుంది, ఆ పేరు కూడా ఈయనే కొట్టేస్తాడు, ఆ ఉద్యోగం ఇక కల్లే అనుకున్నాను.

అక్క కొయ్యలేదు. బావ వైపు తిరిగింది. "ఎక్కణ్ణుంచి కొయ్యమంటారు?"

"అదే... రోజూ కోసే చోటే."

"రోజూ కోసేది మీరేగా. చెప్పండి."

బావ నీళ్ళు నమిలాడు. "పొట్ట దగ్గర."

"పైపైనా, లోతుగానా?"

"లోతుగానే."

అక్క అలాగే దించింది. పిత్తం తిత్తి పగిలి, ఆకుపచ్చ రసం కండంతా పాకింది. ఇక ఆ చేప చేదు విషం, ఎవరూ నోట పెట్టలేరు. చప్పట్లు ఆగిపోయాయి.

"తర్వాత?" అంది అక్క. బావ మణికట్టు పట్టుకుని నొక్కుకున్నాడు.

"ఇది పాడైంది మాస్టారూ, ఏమనుకోకండి. ఇంకోటి ఇవ్వండి" అంది అక్క మాస్టరు వైపు తిరిగి.

"ఏంటిది, అందరిముందూ" అని బావ పళ్ళు నూరాడు.

"మీరు కూర్చోండి" అంది అక్క. గొంతు పెంచలేదు. పన్నెండేళ్ళలో బావతో ఆమె అలా మాట్లాడగా నేను వినలేదు.

రెండో చేప కొయ్యడానికి ఆమెకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. మాస్టరు వంగి ముక్కల్ని చూశాడు, పక్కన తీసిపెట్టిన ముల్లు చూశాడు. రెండేళ్ళుగా తాను మెచ్చుకున్న పనితనం ఎవరిదో ఆయనకి అర్థమైంది. నిటారుగా నిలబడి బావ వైపు తిరిగాడు.

"మీ ఆవిణ్ణి మా దగ్గర పనికి పంపిస్తారా?"

అక్క కత్తి పలక మీద పెట్టింది.

"ఆయన్నెందుకు అడుగుతారు మాస్టారూ? కోసింది నేను. నన్నడగండి."