కరామా ఫ్లాట్‌లో మేనేజర్ పాలన

ఊరిని ఎన్నికైన నాయకులు కాదు, జీతానికి పెట్టుకున్న మేనేజర్ నడపాలని దుబాయ్ సదస్సులో ఎవరో చెప్తుంటే, మున్సిపల్ కౌన్సిలర్‌నైన నాకు ఒళ్లు మండింది. ఓట్లడుక్కునేది మేము, పెత్తనం వాడిదా?

ఆ సాయంత్రం, అక్కడ పనికొచ్చిన మా వార్డు మస్తాన్‌ను చూడ్డానికి దుబాయ్‌లోని కరామా పేటకు వెళ్లాను. ఫ్లాట్ నిండా మనుషులు, ఒకటే బాత్రూం, దాని ముందు వరస. సదస్సులో తాగిన టీలన్నీ నన్ను తొందరపెడుతున్నాయి.

"మేమూ ఎలక్షన్ పెట్టుకున్నామన్నా," అన్నాడు మస్తాన్. "కడపోళ్లు గెలిస్తే బాత్రూం కడపోళ్లకే, నెల్లూరోళ్లు గెలిస్తే వాళ్లకే. రోజూ కొట్లాటే. ఖలాస్, అందరం కలిసి జీతమిచ్చి ఈ కేరళ భాయ్‌ని మేనేజర్‌గా పెట్టుకున్నాం. ఈయన ఎవరి జిల్లావోడూ కాదు. నచ్చకపోతే అందరం చేతులెత్తి తీసేస్తాం."

నేను నేరుగా బాత్రూం తలుపు దగ్గరికి నడిచాను. ఆ భాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"మా కౌన్సిలర్ సాబ్, భాయ్," అని మస్తాన్ సిఫారసు చేశాడు.

"అచ్ఛా," అన్నాడాయన ఎంతో మర్యాదగా. "లైన్ మే ఆయియే, సాబ్. సబ్‌సే పీఛే."

వెళ్లి చివర నిలబడ్డాను. మస్తాన్ నాకు ముందే ఉన్నాడు. కుళాయి కనెక్షన్ కోసం మా గుమ్మం ముందు పడిగాపులు కాసినప్పుడల్లా నేనతనికి చెప్పిన మాటనే, వెనక్కి తిరిగి నాకు చెప్పాడు.

"ఓపిక పట్టన్నా, నీ వంతూ వస్తాది."