ముదురు నీలం, లేత నీలం

మొన్న మే నెలలో ఒక ఉదయం మా అపార్టుమెంటు కింద నీళ్ళ ట్యాంకరు కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉంటే, మూడో అంతస్తులో ఉండే గుంటూరు నర్సమ్మాయి డ్యూటీ నుంచి వస్తూ నా ముందు తన ఫోను పెట్టింది. గేటు పక్క చెట్టు మీద వాలిన సీతాకోకచిలుక ఫొటో అది. "ఆంటీ, యాప్‌లో పెడితే బ్లూ టైగర్ అని వచ్చింది. ఇవి గుంపులుగా మైగ్రేట్ అవుతాయంట, మీరెప్పుడైనా చూశారా?" అని అడిగింది. నేను కళ్ళజోడు సర్దుకుని చూసి, కాదమ్మా, ఇది ముదురుది, దీనికి నలుపు ఎక్కువ, నీలం గీతలు సన్నం అన్నాను. ఆ పిల్ల మళ్ళీ ఏదో వెతికి, మీరు చెప్పిందే కరెక్ట్, డార్క్ బ్లూ టైగర్, ఎలా కనిపెట్టారు అంటే, మా మామ నేర్పాడని మాత్రం చెప్పి పైకి వచ్చేశాను. ఆమెకు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. నా ఈడువాళ్ళకైతే చెప్పుకోవచ్చు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. పిల్లలు పుట్టకుండానే భార్య పోతే, మళ్ళీ పెళ్ళి మాట ఎత్తనివ్వకుండా కాటన్‌పేటలో మా ఇంటి మేడగదిలోనే ఉండిపోయాడు. అదే వీధిలో రంగుదారాల కొట్టు ఉండేది ఆయనకు. దొడ్డబళ్ళాపురం నేతగాళ్ళు పాత చీర పీలిక ఒకటి పట్టుకొచ్చి ఇదే రంగు కావాలంటే, దాన్ని గుమ్మం దాకా తీసుకెళ్ళి ఎండలో ఒక్కసారి చూసి, లోపలున్న అన్ని నీలాల్లోంచీ సరిగ్గా ఆ నీలపు కండెనే తెచ్చి చేతిలో పెట్టేవాడు. ఒక వేసవిలో ఆ ఊరు వెళ్ళి వస్తుండగా, బస్సు కిటికీలోంచి చూస్తే వందల కొద్దీ నీలి సీతాకోకచిలుకలు రోడ్డు దాటుతున్నాయట, ఒక్కటీ వెనక్కి తిరగకుండా, అన్నీ తూర్పుకే. మామ దారిలోనే దిగిపోయి పొద్దు వాలేదాకా అక్కడే నిలబడి, ఇంటికొచ్చాక అన్నం కూడా సరిగ్గా తినలేదని అమ్మ చెప్పేది.

అప్పటినుంచి ప్రతి యేడూ వానలకు ముందు అవి పడమటి కొండల నుంచి తూర్పుకు పోయేటప్పుడూ, వానలు వెలిశాక తిరిగి పడమరకు వచ్చేటప్పుడూ చూడటం ఆయనకొక వ్రతమైంది. వాటి పేర్లు మాకెవరూ చెప్పలేదు కాబట్టి కొట్టులో రంగులకు పెట్టుకున్నట్టే తనే పేర్లు పెట్టుకున్నాడు. వెడల్పు గీతలది లేతది, సన్నగీతలది ముదురుది, గోధుమరంగు రెక్కకు అంచున తెల్ల చుక్కలున్నది కాఫీపొడి. రంగుల నమూనాలు అంటించుకునే పుస్తకంలోనే వెనకవైపు నుంచి, ఏ రోజు ఏవి ఎన్ని పోయాయో రాసుకునేవాడు.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేరిన యేడాదే మామ కళ్ళకు మసక కమ్మింది. చక్కెర జబ్బు కంటి వెనక నరాలను తినేసిందనీ, పోయిన చూపు ఇక తిరిగి రాదనీ డాక్టరు చెప్పాడు. ఒకరోజు ఎప్పటి నుంచో వచ్చే నేతగాడొకడు, ముందురోజు తీసుకెళ్ళిన కండెను తిరిగి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆకుపచ్చ అడిగితే మామ నీలం ఇచ్చాడు. ఆ రోజు తరవాత ఆయన దారాల అరలో చెయ్యి పెట్టడం నేను చూడలేదు.

కానీ మే నెల రాగానే, ఆదివారం, వాటిని చూడటానికి ఎప్పుడూ వెళ్ళే దేవనహళ్ళి కోటగోడ మీదికి తోడు రమ్మని నన్ను అడిగాడు. "నీ కండ్లు బాగుండాయి కదా పాపా. నువ్వు చూసి చెప్పు, నేను ఇనుకుంటా ఉంటాను" అన్నాడు. నాకేమో వారమంతా చెవిలో ఊరూపేరూ లేని గొంతులు మోగేవి, ఉన్నది ఒక్క సెలవు. ముఖం ముడుచుకునే వెళ్ళేదాన్ని. కోటగోడ మీద ఆయన తూర్పుకు తిరిగి కూర్చుని, రెక్క నీడ ముఖం మీద పడినప్పుడల్లా ఏది పాపా అది అని అడిగేవాడు. మొదట్లో సరిగ్గానే చూసి చెప్పాను. నెమ్మదిగా ఎండ మండి, విసుగు పుట్టి, చేతిలో ఉన్న వారపత్రిక మీది నుంచి తలెత్తకుండానే ముదురుది మామా, ముదురుదే అనేసేదాన్ని. ఆయన ఎన్ని అని అడిగితే నోటికొచ్చిన అంకె చెప్పి, ఆ అంకెనే పుస్తకంలో రాసేదాన్ని. అలా రెండు వేసవులు గడిచాయి.

మూడో వేసవికి మామ బాగా చిక్కిపోయాడు. చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కించాను. ఆ రోజు ఆకాశంలో ఏమీ లేదు. గంటసేపు చూసినా ఒక్క రెక్క కదలలేదు. ఆయన ముఖం పైకెత్తి అలా కూర్చునుంటే నాకు జాలేసి, వస్తా ఉండాయి మామా, చానా ఉండాయి అన్నాను. ఆయన నవ్వి, రెండు చేతులూ కాస్త ముందుకు చాచాడు. నేను లేతవి, ముదురువి, కాఫీపొడి అంటూ లేనివాటికి పేర్లు చెబుతూ పోయాను. నిజానికి ఆ రోజు చెప్పినంత శ్రద్ధగా నేనెప్పుడూ చెప్పలేదు.

ఇంతలో అక్కడ రోజూ శనక్కాయలు అమ్మే అవ్వ మెట్లెక్కి వచ్చి గంప దించుకుంటూ, "ఏం సామీ, ఈపొద్దు నీ చిలకలు ఒగటీ రాలేదే?" అంది.

మామ చేతులు ఒళ్ళోకి తీసుకున్నాడు. "వస్తాయిలేవ్వా" అని ఆమెతో మామూలుగానే మాట్లాడి, శనక్కాయలు కొని నా చేతిలో పెట్టాడు. తిరుగు బస్సు యలహంక దాటింది. తరవాత నా వైపు తిరక్కుండానే అన్నాడు: "లేకుంటే లేవు అని చెప్పల్ల పాపా. అదీ రాసుకునేదే. సుమ్నే, ఊరికే చెప్తే ఎట్ల?" ఆపైన, "పోయిన యేడువి కూడా ఇట్లనేనా?" అని అడిగాడు.

నేను చేతిలోని శనక్కాయల పొట్లం మడత పెడుతూ కూర్చున్నాను. ఆయన మళ్ళీ అడగలేదు.

తరవాతి ఆదివారం తెల్లవారే స్నానం చేసి సిద్ధంగా కూర్చున్నాను, మేడ మీది నుంచి పిలుపు రాలేదు. ఆ పై ఆదివారం నేనే పోయి పిలిస్తే, వొద్దు పాపా, నువ్వు రెస్టు తీసుకో అన్నాడు మెత్తగా. తిట్టి ఉంటే ఏడ్చి, తప్పయిందని చెప్పుకునేదాన్నేమో. వానాకాలంలో కాలికి పుండు లేచి మానక, సీతాకోకచిలుకలు తిరిగొచ్చే కాలానికి ముందే మామ పోయాడు. ఆఖరి వారం పక్కనే కూర్చుని మందులిచ్చాను గానీ, తప్పయిందన్న ఆ ఒక్క మాట మాత్రం చెప్పలేదు. తరవాత ఆ పుస్తకం తీసి చూస్తే, మామ చేత్తో రాసినంతవరకూ అక్షరం అక్షరం నమ్మొచ్చు. నా చేతిరాత మొదలయ్యాక ఏ పంక్తి నిజమో, ఏది నేను అల్లిందో నాకే తెలియలేదు.

పదకొండో రోజున కింద చుట్టాలు భోజనాలు చేస్తుంటే, ఆరేసిన చాపలు తీయడానికి మిద్దె మీదికి వెళ్ళాను. మా కాటన్‌పేట ఇళ్ళ మీదుగా, కరెంటు తీగల మధ్య నుంచి, అవి పడమరకు పోతున్నాయి. అంత గుంపు మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. చాపలు అక్కడే వదిలేసి పిట్టగోడకు ఆనుకుని నిలబడి, లేతది, ముదురుది, ముదురుది, కాఫీపొడి అని ఒక్కటీ తప్పకుండా పైకే చెప్పాను. అమ్మ వెతుక్కుంటూ పైకి వచ్చి, నన్ను చూసి, చాపలు తీసుకుని దిగిపోయింది.

ఆ దారాల కొట్టు పోయి ఇప్పుడక్కడ ప్లాస్టిక్ సామాన్లు అమ్ముతున్నారు. దేవనహళ్ళి వైపు నేను ఎరిగిన ద్రాక్షతోటలు చాలావరకు పోయాయి, విమానాశ్రయం వచ్చాక తల పైకెత్తితే ఎక్కువగా కనిపించేవి విమానాలే. అయినా ఆ చిలుకలు వస్తూనే ఉన్నాయి, తక్కువగా, ఒక్కో యేడు మరీ తక్కువగా. చూసేవాళ్ళు మాత్రం ఎక్కువయ్యారు. ఫొటో తీసి, తేదీ, చోటు అన్నీ పెడతారు కాబట్టి ఎవరి మాటా ఎవరూ నమ్మాల్సిన పని లేదు. మంచిదే. మన కాలంలో ఒకరు చెబితే ఇంకొకరు నమ్మేవారు, అంతకు మించి సాక్ష్యం ఉండేది కాదు. అలా నన్ను నమ్మి, ఖాళీ ఆకాశానికి చేతులు చాచిన మనిషి నా బతుకులో ఒక్కడే ఉండేవాడు.