అంకెల మీద నక్షత్రం

రూతుకి కూతురి ముఖం గుర్తుంది. ముక్కు పక్కన పుట్టుమచ్చ గుర్తుంది, జ్వరంలో పగిలిన పెదవులు గుర్తున్నాయి. గొంతే జారిపోతోంది. ప్రిస్కిల్లా పోయి రెండేళ్ళు. అంట్లు తోముకుంటూ ఆ పిల్ల "మమ్మీ" అని ఎలా పిలిచేదో మనసులో అనుకోబోతే, ఈ మధ్య తన గొంతే వినబడుతోంది.

ఆ పిలుపు ఒక్కచోటే మిగిలింది. భర్త ఎజ్రా ఇప్పుడు మండపేట రైసుమిల్లులో కాటా దగ్గర పనిచేస్తున్నాడు గానీ, అంతకుముందు పెళ్ళిళ్ళకి వీడియోలు తీసేవాడు. అప్పటి హార్డ్ డిస్కు ఒకటుంది, ఇటుకరాయంత. కరెంటిచ్చి టీవీకి తగిలిస్తే బొమ్మ వస్తుంది. సండేస్కూలు పిల్లల కార్యక్రమంలో ఏడేళ్ళ ప్రిస్కిల్లా బైబిల్లోని కంఠత వాక్యం చెబుతూ మధ్యలో మరిచిపోయి, ముందు వరసలో కూర్చున్న తల్లికేసి చూసి, "మమ్మీ, తర్వాతేంటి?" అంది. చర్చంతా నవ్వింది. ఆ వీడియో అందులోనే ఉంది. మరిచిపోయినా పాస్టరుగారు బంగారు రంగు నక్షత్రం స్టిక్కరిచ్చారు. పిల్ల దాన్ని తెచ్చి డిస్కు అడుగునున్న చీటీ మీద అంటించి, "నేను ఇందులోనే ఉన్నాగా" అంది.

డిస్కు బీరువాలో భద్రంగా ఉంది. దానికి కరెంటిచ్చే అడాప్టరే లేదు.

"ఏవండీ, దీని అడాప్టరు ఏమైందండీ?" అని అడిగితే ఎజ్రా కంచంలోంచి తల ఎత్తలేదు. "ఏమో. ఎక్కడ పడేశామో."

రూతు చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. ఒంటరిగా బస్సెక్కడం కూడా అలవాటు లేదు. అయినా డిస్కు సంచిలో పెట్టుకుని బయల్దేరింది. రాజమండ్రిలో రెండు కొట్లవాళ్ళు, సామర్లకోటలో ఒకాయన, అందరిదీ ఒకటే మాట. "ఎన్ని వోల్టులో చీటీ మీద ఉంటదమ్మా. ఆ స్టిక్కరు పీకండి." నక్షత్రం రూపాయి బిళ్ళంత ఉంది, సరిగ్గా అంకెల మీద. మూడుసార్లూ ఆమె సంచి మూసుకుని వచ్చేసింది.

నాలుగోవాడు మండపేట బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే భీమరాజు.

"పీకనివ్వనంటే ఎలాగమ్మా? నిజం బంగారం అనుకుంటున్నారా ఏంటి?" అన్నాడు. పక్కన టీ తాగుతున్న మనిషి కిసుక్కున నవ్వాడు.

"మా పాప అంటించిందండి. పాప లేదండి ఇప్పుడు."

"అయ్యో! మరైతే ఎన్ని వోల్టులో పాపనే అడగాలి."

ఈసారి ఇద్దరూ నవ్వారు. రూతు అప్పుడే వచ్చేయాల్సింది. కానీ ఆమెకి ఆ గొంతు కావాలి. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

భీమరాజు పాత అడాప్టర్లున్న అట్టపెట్టె బోర్లించి ఒక్కొక్క పిన్నే గుచ్చి చూశాడు. లాప్‌టాప్‌ది ఒకటి లోపలికి దిగింది. "పట్టింది చూశారా! పిన్ను పట్టిందంటే దీనికి సరిపోయినట్టేనండి."

రూతు కూడా అలాగే అనుకుంది. వంగి డిస్కు దగ్గర చెవి పెట్టింది. భీమరాజు స్విచ్చి వేశాడు. చిన్న లైటు వెలిగింది. టప్పుమంది. ప్లాస్టిక్కు కాలిన వాసన.

"పాతది కదమ్మా. దాని ఆయుష్షు అంతే" అన్నాడు భీమరాజు.

ప్రిస్కిల్లా భూస్థాపననాడు వచ్చినవాళ్ళూ ఆ మాటే అన్నారు.

అప్పుడు అతను, అడక్కుండానే, నక్షత్రాన్ని గోటితో గీకేశాడు. "ఇదిగో, పన్నెండు వోల్టులు. నేను పెట్టింది పంతొమ్మిది. ముందే పీకనిచ్చుంటే మీ పాప ఈపాటికి మాట్లాడేది. తప్పు మీదేనమ్మా. ఇంకెవరి దగ్గరికీ పట్టుకెళ్ళకండి, నవ్వుతారు." గోటికంటుకున్న బంగారు తునకని బల్ల అంచుకి రాసేశాడు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు సంపూర్ణమ్మ టీవీ ముందు కూర్చుని ఉంది. రూతు నేలమీద కూలబడింది. కళ్ళకెదురుగా టీవీ బల్ల కింద, కేబుల్ బాక్సుకి కరెంటిచ్చే నల్లటి అడాప్టరు. దాని మీద డిస్కు మీదున్న కంపెనీ పేరే. కింద అంకె పన్నెండు.

"అత్తయ్యగారూ, ఇది..."

"అదా? బాక్సుది కాలిపోతే మావోడు పెట్టాడు. మీ పిల్లని సమాధి చేసొచ్చిన వారానికి."

"ఆయనకి తెలుసాండీ? నేను ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటే..."

"తెలీకేం? నేనే చెప్పొద్దన్నాను. ఇచ్చామనుకో, పొద్దస్తమానం ఆ చచ్చినదాని మాటలు పెట్టుకు కూర్చుంటావు. వంటెవరు చేస్తారు? నాకు టీవీ ఎలాగ?"

రూతు వంగి అడాప్టరు లాగేసింది. టీవీలో బొమ్మ పోయింది. సంపూర్ణమ్మ అరుస్తూనే ఉంది. రూతు సంచిలోంచి డిస్కు తీసి, పిన్ను గుచ్చి, ప్లగ్గు పెట్టి, చెవి ఆనించింది. తిరగలేదు. కాలిన వాసన మాత్రం ఇంకా ఉంది. "తర్వాతేంటి" అన్న మాట గుర్తొచ్చింది. పాప గొంతు రాలేదు.

"ఏం, మాట్లాడట్లేదా నీ కూతురు?" సంపూర్ణమ్మ నవ్వింది. "అయిపోతే నాది నాకు పెట్టు. సీరియల్ వచ్చేస్తది."

రూతు పిన్ను తీసి బాక్సుకి గుచ్చింది. ఒక్కసారికే పచ్చ లైటు వెలిగింది.