ఆరు దాటితే గడియే

రెజిమెంటల్ బజార్‌లో స్టీలు సామాన్ల కొట్టు మీది గదిలో జెరెమియా మాస్టారు సాఫ్ట్‌వేర్ పిల్లలకు జపాన్ భాష నేర్పుతారు. జపాన్‌లో కాలు పెట్టలేదు గాని, పాలవాడికి సైతం జపాన్ తీరులో నడుం వంచి దండం పెడతారు. ఆరు కొట్టగానే తలుపు గడియ పెట్టి పాఠం మొదలెట్టేస్తారు. ఆ తర్వాత పాస్టరుగారొచ్చినా మెట్ల మీదే. ఆ సాయంత్రం పాస్టరుగారి కన్నా పెద్దవాడు రావాలి: జపాన్ పంపడానికి ఒక మాస్టారిని ఎంపిక చేసే జపానాయన, ఏడాదిగా ఈ ఊళ్లోనే కాపురం. మాస్టారు ఉన్నికోటు కూడా కొనేసుకున్నారు. ఆరయినా ఆయన రాకపోయేసరికి, ఇక రాడని తేల్చుకుని ఉసూరుమంటూ గడియ పెట్టారు. "జపాన్‌వాళ్లకు వేళే ప్రాణం" అంటూ పాఠం ఊపందుకున్నాక తలుపు చప్పుడైంది. "సారీ సార్, ట్రాఫిక్‌ల ఇరుక్కున్న. జెర తలుపు తియ్యుండ్రి" అన్నారెవరో, అచ్చం ఇక్కడి బోయిగూడ యాసలో. మాస్టారు అగ్గి మీద గుగ్గిలమయ్యారు. "రేపు రా! నీలాంటివాళ్ల వల్లే ఈ దేశం ఇలా ఏడ్చింది!" అడుగులు మెట్లు దిగిపోయాయి. కిటికీ పక్కన కూర్చున్న కుమారి వీధిలోకి తొంగి చూసి గాభరాగా లేచింది. "సార్, ఆటో ఎక్కుతున్నది జపానాయనే!"

మాస్టారు జాలిగా నవ్వారు. "కూర్చోమ్మా. జపాన్‌వాళ్లు ఆలస్యంగా రారు."