లోపలి తడి

ఇఫ్, ఎల్స్ అనే రెండు ముక్కలు నేర్చుకోవడానికి నేను మా ఊరి నుంచి నల్లగొండ దాకా గంటన్నర బస్సులో నిలబడి పోయేదాన్ని. కంప్యూటర్ వస్తే కష్టాలు తీరుతాయని తొంభైల చివర మా మగ్గాల వాడలో అందరూ అనేవారు. నేనేదో గొప్ప తెలివైనదాన్నని నేనూ అనుకునేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మా ఊరి ఫ్లోరైడ్ నీళ్లు ఎముకలను పట్టేస్తాయి. నలభై ఐదేళ్లకే నాయిన మెడ బిగుసుకుపోయింది. పక్కకు చూడాలంటే మనిషంతా తిరగాలి. ఇక మగ్గం గుంటలో కూర్చోవద్దని డాక్టరు చెప్పేశాడు. అన్నేళ్లూ నూలు ఇచ్చి నేయించుకునే సేటు చెప్పిన డిజైన్లే నేసిన మనిషి, మానేసే ముందు ఒక్క చీర అమ్మ కోసం నేస్తానన్నాడు. అమ్మ అప్పటిదాకా కట్టింది అంగట్లో కొన్న మిల్లు చీరలే. గ్రాఫు కాగితం మీద గళ్లు నింపి బొమ్మ తనే గీసుకున్నాడు. నల్లటి కొంగు మీద ఏడు ఎర్రటి మోదుగ పూలు.

మా పనిలో నేయకముందే దారానికి రంగులు వేస్తారు, మొదట ఎరుపు ఎక్కిస్తారు. అది పూర్తిగా ఆరాక, పూలు రావలసిన చోట సైకిల్ ట్యూబు పీలికలతో బిగించి కట్టి, నలుపులో ముంచుతారు. కట్టు కింద ఎరుపు అట్లాగే ఉంటుంది. దారం లోపల తడి మిగిలితే మాత్రం నలుపు ఆ తడి వెంటే కట్టు కిందికి పాకుతుంది. మా వాడలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది.

ఎరుపు ఎక్కించిన కొంగు దారం దండెం మీద ఆరుతున్న రోజు ముసురు పట్టింది. అమ్మ నాయినను తీసుకుని దవాఖానకు బయలుదేరింది. గడప దాటిన నాయిన మొత్తం మనిషి వెనక్కి తిరిగి నాతో అన్నాడు.

"ఆరితేనే కట్టు కట్టి నలుపు ఎక్కియ్యి బిడ్డ. ఆరకపోతే నలుపు ముట్టకు. రంగు అడుగుకు దిగకుంట గంటకోసారి తిప్పుకుంట ఇంటికాడనే ఉండు. పైపైన కాదు, చెయ్యి లోపటికి పెట్టి చూడు."

నల్లగొండ సెంటర్లో ఇద్దరికి కలిపి వారానికి ఒక్క గంట కంప్యూటర్ దొరికేది. ఆ గంట ఆ మధ్యాహ్నమే. దారం ఆరకపోతే నేను ఇంట్లో ఉండాలి, ఆరితే ఒంటిగంట బస్సు అందుకోవచ్చు. పది గంటలకు దండెం మీది దారాన్ని తాకి చూశాను. పైన పొడిగా ఉంది. లోపలికి వేలు పెట్టలేదు. మరిచిపోయి కాదు, తడి తగులుతుందని తెలిసే పెట్టలేదు. ఏడు పూలకూ కట్లు కట్టి, నలుపులో ముంచి, ఆరవేసి, పరుగెత్తి బస్సెక్కాను.

ఆ రోజు పాఠం జావాస్క్రిప్టు అనే కంప్యూటర్ భాషలో ఇఫ్, ఎల్స్ షరతులు, ఇట్లయితే ఇది, కాకపోతే అది. తెర మీద ఒక పెట్టె. అందులో పేరు రాస్తే 'స్వాగతం' అనాలి, ఖాళీగా వదిలితే 'పేరు రాయండి' అనాలి. పెట్టె ఖాళీగా లేకపోతే స్వాగతం, ఉంటే రెండో మాట అని నేను రాశాను. పక్కనున్న పిల్ల పేరు రాయకుండా, ఖాళీ జాగా వేసే స్పేస్ మీట ఒక్కసారి నొక్కింది. కంప్యూటర్ లెక్కలో అదీ ఒక అక్షరమే. తెర దానికీ స్వాగతం చెప్పింది. నేను బిత్తరపోయి చూస్తుంటే సార్ నవ్వాడు.

"కంప్యూటర్‌దేం తప్పు లేదమ్మా. పెట్టె ఖాళీనా అన్నవ్, కాదన్నది. లోపట ఉన్నది పేరేనా అని నువ్వు అడగనే లేదు గద."

అందరూ నవ్వారు. నాకు దండెం మీది దారం గుర్తొచ్చింది. మిగతా గంట ఏం చెప్పారో ఇప్పటికీ గుర్తు లేదు.

నేను ఇల్లు చేరేసరికి నాయిన అరుగు మీద కూర్చుని కట్లు విప్పుతున్నాడు. ఏడు పూలలో ఒక్కటీ నిలవలేదు. ఎరుపు మీద నలుపు మరకలు మరకలుగా పాకి ఉంది. ఆయన కోప్పడితే బాగుండేది.

"లోపట చెయ్యి పెట్టి చూసినవా బిడ్డ?"

"చూసిన నాయినా. పొడిగనే ఉండె."

దారాన్ని వేళ్ల మధ్య విడదీసి చూశాడు. తరువాత తన చేతులు చూసుకున్నాడు.

"అట్లయితె తప్పు నాదే. ఎరుపు కాడనే ఏదో ఎక్కువ తక్కువ చేసిన. నా చేతికి అందాజ పోయింది."

"పోనియ్యి, గా చీర లేకుంటె నేను బతుకనా?" అంది అమ్మ.

కొత్త దారానికి మళ్లీ రంగు ఎక్కిద్దామని అమ్మ రెండుసార్లు అడిగింది. ఆయన ఒప్పుకోలేదు. రంగు కుండలు పక్కింటివాళ్లకు ఇచ్చేశాడు. అప్పటిదాకా రంగు సరిగ్గా పడకపోతే వాడంతా ఆయన దగ్గరికే వచ్చేది. ఆ తరువాత కూడా ఒకరిద్దరు వచ్చారు. "నన్ను అడగకుండ్రి, నాకు అందాజ పోయింది," అని పంపేసేవాడు.

షరతులు రాసే పనే నాకు చివరికి బతుకుదెరువయింది. నాయిన ఇంకో పదేళ్లు బతికాడు. ఎవరు రంగు సంగతి ఎత్తినా అదే మాట అనేవాడు. నేను పక్కనే కూర్చుని వినేదాన్ని. 'నాయినా, నేను లోపల చూడలేదు' అని ఒక్క మాట చెప్పడానికి నాకు ఆ పదేళ్లూ చాలలేదు.